మన్నును అడిగి ఎగిరిన మనిషి

మా గ్రౌండు సార్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను మల్కాజ్‌గిరి బడిలో ఏడో తరగతికి పాఠం చెబుతుంటే, విశ్వవిద్యాలయం గ్రౌండులో సున్నం గీతలు గీసే తాత సైకిలు మీద వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, "సార్ పోయిండు బిడ్డా. బూట్లు తొడుక్కుంటనే పోయిండు. ఒకటి తొడిగిండు, ఇంకోటి తొడగలే" అన్నాడు. నేను పిల్లల్ని వదిలిపెట్టి అతని వెంట తార్నాక బయలుదేరాను.

దానికి రెండు రోజుల ముందు, ఆదివారం పత్రిక సినిమా పేజీలో నీలిముసుగు గురించి పెద్ద వ్యాసం వచ్చింది. తెలియని వారి కోసం చెబుతున్నాను. నీలిముసుగు పిల్లల పత్రికలో బొమ్మల కథగా పుట్టిన వీరుడు. కళ్లు తప్ప ముఖమంతా నీలిగుడ్డ కప్పుకుని, మేడ మీంచి మేడ మీదికి దూకి దొంగల్ని పట్టిస్తాడు. వాడి మీద ఇప్పటికి మూడు సినిమాలు వచ్చాయి. మూడింటికీ ముగ్గురు హీరోలు. వ్యాసం రాసినాయన ఆ ముగ్గురినీ తూకం వేసి, ఒకరి నడక గొప్పదన్నాడు, ఒకరి గొంతు గొప్పదన్నాడు. చివర్లో ఇంకో మాట కూడా రాశాడు. దూకే ముందు నీలిముసుగు వంగి నేలను తాకి కళ్లకు అద్దుకుంటాడు కదా, జనం ఈలలు వేసేది దానికే కదా, అది రెండో హీరోగారు ఎంతో ఆలోచించి కనిపెట్టినదట.

అది అబద్ధం. ఆ వంగడం మా సార్‌ది. మొదటి సినిమాలో ముసుగు వేసుకుని దూకినవాడు మా సారే. నేను చూశాను.

ఈ మాట మూడేళ్ల కిందట చెప్పవలసిన చోట చెప్పలేదు. అందుకే ఇప్పుడు, అడిగినా అడగకపోయినా, మీ అందరికీ చెబుతున్నాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. నాకు ముందే వచ్చింది.

సార్ గోల్నాకలో పెరిగారు. వాళ్ల నాయన పల్లెలో భూమి పోగొట్టుకుని పట్నం వచ్చి, కొడుకును తాలీంలో వేశాడు. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. అక్కడి ఎర్రమన్నులో పొర్లి పెద్దవాడై, ఎలాగో విశ్వవిద్యాలయంలో వ్యాయామం నేర్పే నౌకరీలో చేరారు. తార్నాకలో రెండు గదుల ఇల్లు. మెడలో విజిల్, దానికి తాడు బదులు పాత బూటు లేసు. జేబులో నానబెట్టిన సెనగలు. బాగా దూకినవాళ్లకు ఒక గుప్పెడు పెట్టేవారు, దూకనివాళ్లకు రెండు గుప్పెళ్లు. "గాళ్లకు బలం కమ్మి ఉన్నది, గాళ్లే తినాలె" అనేవారు. నాకు మొదటి ఏడాదంతా రెండు గుప్పెళ్లే.

లాంగ్‌జంప్ గుంతలో ఇసుకను ఆయనే రోజూ తెల్లారగానే జల్లెడ పట్టేవారు. పిండి జల్లించే జల్లెడ అది, ఇంట్లోంచి ఎత్తుకొచ్చారు. సార్ భార్య, మా అమ్మగారు, దాని కోసం గ్రౌండు దాకా వచ్చి తిట్టి, తీసుకుపోకుండానే వెళ్లిపోయారని తాత చెబుతాడు. గాజుపెంకు ఒకటి ఒక పిల్లవాడి మడమ కోసినప్పటి నుంచి ఆయన ఆ పని మరొకరి చేతికి ఇవ్వలేదు.

ఆడపిల్లలు గుంతలోకి దూకడమేమిటని లేడీస్ హాస్టల్ వార్డెనమ్మ అడ్డం తిరిగినప్పుడు, సార్ ఆమె దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, మీరొచ్చి కుర్చీ ఏసుకుని కూసోండ్రి. ఏదన్న తప్పు కనవడితే నాకు చెప్పుండ్రి" అన్నారు. ఆమె వారం రోజులు కూర్చుంది. ఎనిమిదో రోజు నుంచి నేను ఎంత దూరం దూకానో ఆమే అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

నేను చౌటుప్పల్ అవతల పత్తిచేల మధ్య నుంచి వచ్చినదాన్ని. కాలువలు దూకడం తెలుసు గాని, దూకడానికో పద్ధతి ఉందని తెలియదు. పరుగెత్తే దారి మొదట్లో సార్ తాలీం నుంచి తెచ్చిన ఎర్రమన్ను చల్లి ఉంచేవారు. అక్కడ వంగి, కుడిచేతి వేళ్లతో మన్నును తాకి, కళ్లకు అద్దుకోనిదే ఎవరినీ పరుగెత్తనిచ్చేవారు కాదు. భక్తా సార్ అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. "భక్తి గాదు బిడ్డా. ఎగిరేటోడు మన్నును అడిగి ఎగరాలె. మళ్ల దిగేది దాని మీదికే" అన్నారు.

పాకిస్తాన్‌తో యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది వేసవిలో మద్రాసు నుంచి సినిమావాళ్లు మా గ్రౌండుకు వచ్చారు. పెవిలియన్ కప్పు మీంచి పక్కనున్న నీళ్ల ట్యాంకు గోడ మీదికి నీలిముసుగు దూకాలి. వాళ్ల వెంట తెచ్చుకున్న దూకే మనిషి మొదటి రోజే కాలు బెణికి పడుకున్నాడు. హీరో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నాటకాల కుర్రాడు. బంగారంలాంటి గొంతు, మేడెక్కితే మాత్రం వణుకు. దర్శకుడు గ్రౌండంతా చూసి, గుంతలో ఇసుక జల్లిస్తున్న సార్‌ను పిలిచాడు. మా ప్రాక్టీసు వేళల్లో గుంత జోలికి ఎవరూ రాకూడదని సార్ ఒకే ఒక షరతు పెట్టి ఒప్పుకున్నారు. అందుకు పర్మిషన్ కాగితం కావాలని ఆయనకూ తోచలేదు, మాకూ తోచలేదు.

మేం ఎనిమిది మందిమి కింద నిలబడి చూస్తున్నాం. ముసుగు వేసుకుని సార్ కప్పెక్కారు. ఎక్కే ముందు ఎర్రమన్ను పిడికెడు తీసి రుమాలులో మూటకట్టుకున్నారు. కప్పు అంచున ఆ మన్ను పోసి, వంగి, తాకి, కళ్లకు అద్దుకుని ఎగిరారు. దర్శకుడు ఆపమన్నాడు. నీలిముసుగు దండాలు పెట్టడని, బొమ్మల కథలో అలా లేదని చెప్పాడు. సార్ తలూపి మళ్లీ కప్పెక్కి, మళ్లీ వంగి తాకే దూకారు. అయిదుసార్లు దూకించారు. అయిదుసార్లూ అంతే. అలసిపోయిన దర్శకుడు, పోనీలే, ఆ ముక్క తర్వాత కత్తిరించేద్దామన్నాడు. తీరా కత్తిరించబోతే కుదరలేదట. ఆయన వంగినవాడు లేచి నిలబడి దూకడు. వంగిన వంగుడులోంచే ఎగురుతాడు. వంగడం తీసేస్తే దూకడమూ పోతుంది.

సినిమా సికింద్రాబాద్‌లో ఆడింది. సార్‌ను బతిమాలి బస్సులో తీసుకువెళ్లాం. బెంచీ మీద మా మధ్య కూర్చున్నారు. పేర్లు పడుతున్నంతసేపు మేం ఆయన పేరు కోసం చూశాం. పడలేదు. మావాళ్లు అరవబోతే, "సినిమా సూడనియ్యుండ్రి" అని కసిరారు. తెర మీద పెవిలియన్ కప్పు వచ్చింది. నీలిముసుగు వంగాడు. చెయ్యి ఎత్తినప్పుడు వేళ్ల నుంచి మన్ను రాలడం ఎండలో స్పష్టంగా కనిపించింది. హాలంతా ఒక్కసారి ఈల వేసింది. నేను పక్కకు తిరిగి చూస్తే సార్ కళ్లు మూసుకుని ఉన్నారు. తాను దూకడం ఆయన చూడనేలేదు. ఎందుకని తర్వాత అడిగితే, "దిగిన గద, ఇంక సూసుడెందుకు" అన్నారు.

ఆ వారం నుంచి తార్నాకలో ప్రతివాడూ మోరీ దాటాలన్నా వంగి నేలను తాకడమే. పిల్లల పత్రికలో బొమ్మలు వేసేవాళ్లు కూడా ఆ వంగడాన్ని బొమ్మల్లోకి ఎక్కించుకున్నారు. ఆ నాటకాల కుర్రాడు తార్నాక వచ్చి, సార్ ఇంట్లో సర్వపిండి తిని, "ముసుగు తీస్తే నేను, వేసుకుంటే మీరు గురువుగారూ" అని కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లాడు. మంచివాడు. రెండో సినిమాకు అతన్ని తీసేసి పెద్ద హీరోను పెట్టుకున్నారు.

ఇంతలో ఎవడో ఆకాశరామన్న విశ్వవిద్యాలయం ఆఫీసుకు ఉత్తరం రాశాడు. నౌకరీలో ఉన్న మనిషి అనుమతి లేకుండా సినిమాలో వేషం కట్టాడని. విచారణ పెట్టారు. తప్పు రుజువైతే నౌకరీ పోతుందన్నారు. ముసుగు వెనక ఉన్నది ఎవరో తెర మీద తెలియదు, పేరు లేదు. నేను కాదు అని ఒక్క ముక్క రాసిస్తే చాలు, ఫైలు మూసేస్తామని ఆఫీసువాళ్లే సలహా ఇచ్చారు. సినిమా కంపెనీ కూడా, ఆయనెవరో మాకు తెలియదని ఉత్తరం పంపింది. రెండో సినిమాలో పెద్ద హీరో దూకుళ్లన్నీ సొంతంగా చేస్తాడని చాటుకుంటున్నారు మరి, మొదటి సినిమాలో ఎవరో దూకారంటే వాళ్లకు ఇబ్బంది.

సార్ కాగితం తీసుకుని, నేనే అని రాసి సంతకం పెట్టారు. ఎందుకు సార్ అని మేం నెత్తీ నోరూ కొట్టుకున్నాం. "సినిమా కోసం ముసుగేసుకున్న. ఆఫీసుల గూడ ఏసుకోమంటే ఎట్ల?" అన్నారు.

ఇక్కడే మేం ఆ పని చేశాం. ఎనిమిది మందిమీ సాక్షులం. తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్‌లో కూర్చుని, సార్‌ను ఎలాగైనా కాపాడుకోవాలని ఒట్టు పెట్టుకున్నాం. అబద్ధం చెప్పినా అతికినట్టు ఉండాలంటారు కదా, మేం బాగా అతికించాం. దూకింది మద్రాసు మనిషి. సార్ కన్నా జానెడు పొడుగు. ఎడమచేతి వాటం. ఆ రోజు సార్‌కు జ్వరం, గ్రౌండుకే రాలేదు. సున్నం తాతకు కూడా నేర్పాం. ముగ్గురు పెద్దమనుషుల ముందు నేను నిలబడి, ముసుగులో ఉన్నది మా సార్ కాదు, ఆయన దూకడం నేను చూడలేదు అని గట్టిగా చెప్పాను. బయటికి వచ్చి గర్వపడ్డాను కూడా.

వారానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. సదరు ఉద్యోగి సినిమాలో పాల్గొన్నట్టు ఏ ఒక్క సాక్షీ చెప్పనందున నౌకరీకి ఢోకా లేదు. అయితే తాను చేయని పనిని పేరు కోసం తానే చేసినట్టు అబద్ధమాడినందుకు మందలించడమైనది. ఈ మందలింపు ఆయన సర్వీసు పుస్తకంలో ఎక్కించడమైనది.

ఆ కాగితాన్ని నేను రెండుసార్లు చదివాను. నిజం చెప్పిన ఒక్క మనిషిని మేం తొమ్మిది మందిమి కలిసి అబద్ధాలకోరును చేశాం. అదీ ప్రేమతో చేశాం. శత్రువు చేసి ఉంటే ఇంత శుభ్రంగా కుదిరేది కాదు.

సార్ కూడా వచ్చి చదువుకున్నారు. గ్రౌండుకు వెళ్లి విజిల్ వేశారు. అందరితో పరుగు తీయించారు. చివరికి నేను ఒక్కదాన్నే మిగిలినప్పుడు జల్లెడ చేతిలో పట్టుకుని, నా వైపు చూడకుండా అన్నారు.

"నౌకరి పోతే ఇంకోటి దొరుకుతుండె బిడ్డా. నన్ను కాపాడినమనుకుంటున్నరు మీరు. లేదు. నన్ను తుడిచిన్రు."

ఏడుస్తూ, ఇప్పుడే వెళ్లి నిజం చెబుతానన్నాను. వద్దన్నారు. అబద్ధపు సాక్ష్యం చెప్పానని నన్ను కాలేజీ నుంచి తీసేస్తారని, చౌటుప్పల్‌లో మా నాయనకు ఏం చెబుతావని అడిగారు. "చదువు గానీ. అయినంక నీ ఇష్టం" అని చెప్పి, సెనగలు రెండు గుప్పెళ్లు పెట్టారు.

చదువు అయింది. నౌకరీ వచ్చింది. రెండేళ్లు గడిచాయి. నేను వెళ్లలేదు. రేపు వెళ్దాం, సెలవులకు వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాను. ఆయన ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనడం నా సిగ్గు లేనితనం.

నీలిముసుగు తనవాడని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అది కూడా చెప్పాలి. రెండో సినిమాలో పెద్ద హీరో చలువరాతి హాలులో, బూట్లతో, నేలకు వేలు తగలకుండానే కళ్లకు అద్దుకుంటే మేం ఉడికిపోయాం. సార్ నవ్వారు. మొన్న తెలంగాణ గొడవలకు కాలేజీలు మూతపడి, ఎవరిది ఏ జిల్లా అని ముఖం చూసి అడిగే రోజులు వచ్చినప్పుడు, మూడో హీరో ఎక్కడివాడని గ్రౌండు దగ్గర కొందరు వాదులాడుకుంటుంటే ఆయన కలగజేసుకున్నారు. ముసుగు అంగీ లాంటిదని, ఎవరికి సరిపోతే వాళ్లు తొడుక్కుంటారని, అది ఊరు అడగదని చెప్పారు. ఆ మాటకు ఆ రోజుల్లో తన్నులు పడవచ్చు. పడలేదు. ఆయన చేతులు చూసి ఊరుకుని ఉంటారు.

నెల కిందట చివరిసారి చూశాను. కాలేజీ లేదు, హాస్టళ్లు ఖాళీ, గ్రౌండులో గడ్డి మోకాలెత్తు పెరిగింది. సార్ మాత్రం గుంతలో కూర్చుని ఇసుక జల్లిస్తున్నారు. దూకేవాళ్లే లేరు కదా సార్ అన్నాను. "వస్తరు. వచ్చిననాడు రాళ్లుంటే జవాబెవరు?" అన్నారు. తర్వాత మూడో సినిమా చూశావా అని అడిగి, కొత్త పిలగాడు మంచిగానే దూకుతున్నాడని మెచ్చుకున్నారు. "రెండు చేతులు తాకిస్తుండు. ఒక్కటి సాలు" అని మాత్రం సవరించారు.

బుధవారం దహనం అయిపోయింది. అమ్మగారు ఆ రెండో బూటును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గురువారం పొద్దున నేను గ్రౌండుకు వెళ్లాను. గుంతలో ఇసుక సోమవారం జల్లించినట్టే ఉంది. ఒక్క అడుగు కూడా పడలేదు. జల్లెడ గట్టుకు ఆనించి ఉంది. నేను పరుగు మొదలయ్యే చోట వంగి, ఎర్రమన్నును తాకి, కళ్లకు అద్దుకుని, చేతులు దులుపుకోకుండా నేరుగా ఆఫీసుకు నడిచాను.

రాత్రే రాసి పెట్టుకున్న కాగితం చేతిలో ఉంది. మొదటి సినిమాలో ముసుగు వేసుకుని దూకినది మా సారేనని, నేను కళ్లారా చూశానని, విచారణలో నేను చెప్పింది అబద్ధమని, ఆయన రాసిచ్చిందే నిజమని రాశాను. ఆ మందలింపును సర్వీసు పుస్తకంలోంచి కొట్టివేయమన్నాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సరేనని, వెతుక్కునే శ్రమ లేకుండా కింద బడి చిరునామా కూడా వేశాను. మిగతా ఏడుగురికీ ఉత్తరాలు రాశాను. తాత వేలిముద్ర వేస్తానన్నాడు.

గుమస్తాగారు కోస్తా వైపు పెద్దమనిషి, మర్యాదస్తుడు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఆ ఫైలు ఎప్పుడో మూసేశామమ్మా. ఆయనే లేరు. ఇప్పుడెందుకిదంతా?" అన్నారు.

"ఆయన లేడు గనుకనే. నేను చూసిన. అది రాసుకోండ్రి" అన్నాను.

కాగితం మీద నా వేళ్లు పడ్డచోటల్లా ఎర్రగా అచ్చులు పడ్డాయి. ఆయన వాటిని చూసి, కాగితాన్ని బల్ల అంచుకు పట్టి రెండుసార్లు విదిలించారు. అచ్చులు పోలేదు. వాటికి అంటుకున్న మన్ను మాత్రం కొంచెం, కిటికీలోంచి పడుతున్న ఎండలో, మెల్లగా కిందికి రాలింది.